కప్పెడు మైదా అంటే ఎన్ని గ్రాములు? వంటల పేజీల సంపాదకులకు బహిరంగ లేఖ

తెలుగు పత్రికల వంటల పేజీల సంపాదకులకు, వంటల పుస్తకాల ప్రచురణకర్తలకు,



కేకులు, బిస్కెట్లు, బ్రెడ్ల రెసిపీల్లో ఇకమీదట గ్రాములు వేయబోమని, కప్పులూ చెంచాలే ఇస్తామని మీలో కొందరు నిర్ణయించుకున్నారు. రెసిపీలు పంపేవాళ్లకూ అదే మాట చెబుతున్నారు. మన పాఠకుల ఇళ్లలో తూకం మిషన్లు ఉండవు, గ్రాములు చూస్తే జంకుతారు, కప్పయితే అందరికీ తెలుసు అన్నది మీరు చూపిస్తున్న కారణం. ఈ నిర్ణయాన్ని నేను ఒప్పుకోలేను. మీ పేజీలు కత్తిరించి, నోటు పుస్తకంలో అతికించుకుని, ఎందుకు కుదరలేదో చెప్పమని నా బేకింగ్ క్లాసుకు వచ్చే ఆడపిల్లల తరఫున, గృహిణుల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. వాళ్లు మిమ్మల్ని అడగరు. అచ్చులో ఉన్నది తప్పయి ఉంటుందని వాళ్లకు తోచదు.

కప్పయితే అందరికీ తెలుసంటున్నారు. ఏ కప్పు? అమెరికా వంటల పుస్తకాల్లో కప్పంటే దాదాపు 237 మిల్లీలీటర్లు. ఆ దేశపు ఆహార లేబుళ్ల లెక్కలో 240. ఆస్ట్రేలియాలో 250. జపాన్‌లో 200. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు 180. మన స్టీలు సామాన్ల కొట్లలో దొరికే కప్పుల సెట్లు కొన్ని 240వి, కొన్ని 250వి. ఆ సెట్టు కూడా లేనివాళ్లు ఇంట్లో టీ తాగే కప్పే తీసుకుంటారు. టేబుల్ స్పూనుదీ అదే కథ. చాలా చోట్ల 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. మీ రెసిపీని గుంటూరులో అమ్మ, డాలస్‌లో పెద్దకూతురు, మెల్‌బోర్న్‌లో చిన్నకూతురు ఒకే ఆదివారం చేశారనుకోండి. ముగ్గురూ మీరు రాసింది రాసినట్టే చేస్తారు. ముగ్గురి గిన్నెల్లోనూ మూడు రకాల పిండి తయారవుతుంది. మీ పేజీలో ఏ కప్పో ఒక్క మాటయినా ఉందా?

"ఏ కప్పయితేనేం, అన్నీ దాంతోనే కొలిస్తే సరిపోతుంది" అనే సమాధానం మీ దగ్గర సిద్ధంగా ఉంటుందని తెలుసు. నేను చాలాసార్లు విన్నాను. అన్నీ కప్పుతో కొలిచేవే అయితే అది నిజమే. కానీ కేకులో గుడ్లు పడతాయి. కప్పు పెద్దదయితే గుడ్డు పెద్దదవుతుందా? గుడ్డు లేని కేకయితే కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా పడుతుంది. వంద గ్రాముల వెన్న కట్ట పడుతుంది. ఇవన్నీ లెక్కతోనో తూకంతోనో వచ్చేవి. వీటి పక్కన మైదాను మాత్రం దొరికిన కప్పుతో పోయమంటున్నారు.

అయినా కొట్లలో దొరికే కొలత కప్పుల మధ్య సైజు తేడా చిన్నదే. అసలు తేడా మైదాలో ఉంది. క్లాసులో మొదటి రోజు ఓవెన్ జోలికి పోకుండా ఇదొక్కటే చేయిస్తాను. బల్ల మీద 240 మిల్లీలీటర్ల కప్పు ఒకటి, మైదా డబ్బా ఒకటి, కాటా ఒకటి. డబ్బాలో మైదాను గరిటెతో కాస్త కదిపి, చెంచాతో కొంచెం కొంచెంగా కప్పులోకి రాల్చి, పైన నిలిచిన కుప్పను చాకు వీపుతో గీసేస్తే కాటా మీద 120 దరిదాపుల్లో అంకె కనిపిస్తుంది. ఆ మైదాను మళ్లీ డబ్బాలో పోసేసి, కప్పునే డబ్బాలో ముంచి తీసి, పైన గీస్తే 140 పైకి పోతుంది. ముంచి తీసిన కప్పును గట్టు మీద నాలుగుసార్లు తట్టమంటాను. మైదా అందరూ చూస్తుండగానే వేలి మందం కిందికి దిగుతుంది. ఆ ఖాళీ నింపి గీస్తే అంకె 160 దగ్గర ఆగుతుంది. కప్పూ అదే, డబ్బా అదే. మధ్యలో చేరింది నలభై గ్రాముల మైదా. ప్రతి బ్యాచ్‌లోనూ ఈ మూడో అంకె దగ్గర ఎవరో ఒకరు "నేనెప్పుడూ ఇలాగే కొలుస్తాను" అంటారు. పిండి డబ్బా మూత పెట్టేముందు తట్టి సర్దడం మన వంటిళ్లలో అందరికీ ఉన్న అలవాటే. మంచి అలవాటే. ఆ తట్టిన డబ్బాలో కప్పు ముంచుతున్న మనిషిని మీ రెసిపీ ఎక్కడా ఆపదు.

కప్పుల దేశమని మీరనుకుంటున్న అమెరికాలోనే ఈ అంకె మీద ఏకాభిప్రాయం లేదు. కింగ్ ఆర్థర్ పిండి కంపెనీ తన రెసిపీలన్నిటికీ కప్పు మైదా 120 గ్రాములని లెక్క కట్టుకుంది. ఆ దేశ వ్యవసాయ శాఖ పోషకాల పట్టికలో 125 ఉంటుంది. అమెరికాస్ టెస్ట్ కిచెన్ అనే వంటల సంస్థ వాళ్లు అయిదు ఔన్సులు, అంటే 142 అంటారు. వీళ్లలో ఎవరిదీ తప్పు కాదు. ఒకరు చెంచాతో నింపి కొలిచారు, ఇంకొకరు ముంచి కొలిచారు. కొలిచిన తీరు చెప్పి, దాని పక్కన గ్రాములు రాశారు. కప్పు మాత్రం ఉంచుకుని గ్రాములు కొట్టేస్తామంటున్నది మీరు.

కొట్టేస్తే ఏమవుతుంది? రెండు కప్పుల మైదాతో చేసే మామూలు కేకునే తీసుకోండి. 120 చొప్పున 240 గ్రాములు, 142 చొప్పున 284. నలభై నాలుగు గ్రాములు తేడా. మూడో వంతు కప్పు కంటే ఎక్కువే. పాలు పెరగలేదు, గుడ్లు పెరగలేదు, వెన్న పెరగలేదు. ఎక్కువైన మైదా ఉన్న తడినంతా లాగేసుకుంటుంది. గరిటె నుంచి రిబ్బనులా జారాల్సిన పిండి ముద్దలుగా పడుతుంది. పల్చన చేద్దామని మీ రెసిపీ చూసి చేస్తున్నావిడ ఇంకాస్త కలుపుతుంది. కలిపేకొద్దీ మైదాలో గ్లూటెన్ బిగుస్తుంది. ఓవెన్‌లో కేకు నడుమ బొడిపెలా లేచి నెర్రె ఇస్తుంది, మర్నాటికి కోస్తే పొడిపొడిగా రాలుతుంది. రెసిపీ రాసినావిడ ముంచి కొలిచి, చదివినావిడ చెంచాతో నింపితే దీనికి సరిగ్గా వ్యతిరేకం. కేకు నడుమ కుంగిపోతుంది, బిస్కెట్లు ట్రేలో పరుచుకుపోయి ఒకదాన్నొకటి అంటుకుంటాయి.

ఆ కేకు చెడగొట్టింది ఎవరు? ఇంట్లో వాళ్లు ఆమె పేరే చెబుతారు. ఆమె కూడా తన పేరే చెప్పుకుంటుంది. "నా చేతికి కేకు రాదండీ" అని నాతో ఎంతమంది అన్నారో! వాళ్ల చేతుల్లో లోపమేమీ లేదు. మీరు ఒక అంకె ఇవ్వలేదు, అంతే. ఆరు గుడ్లు, పావుకిలో వెన్న, ఒక సాయంత్రం పోగొట్టుకుని, తన మీద తనకున్న నమ్మకం కూడా పోగొట్టుకుంటున్న మనిషికి మీరు ఏం జవాబు చెబుతారు? గ్రాములంటే జంకుతారని ఆమె గురించి మీరే నిర్ణయించేశారు. ఆమెను అడిగారా?

ఇక మీరు చెప్పే రెండో కారణం, మన అమ్మమ్మలు గిద్దె, సోల, తవ్వ, మానికలతోనే వండారన్నది. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న లెక్క నోటికొచ్చిన ఇంట్లోనే నేనూ పెరిగాను. కానీ ఆ పాత్రలతో వాళ్లు ఏం కొలిచారో చూడండి. బియ్యం, కందులు, మినుములు, పెసలు. గింజలు. సోలలో బియ్యం ఎవరు పోసినా దాదాపు ఒకే బరువు పడుతుంది. గింజను నొక్కినా నలగదు, తట్టినా కొద్దిగానే సర్దుకుంటుంది. పిండిలో సగం గాలి. జల్లిస్తే పొంగుతుంది, నిలవ ఉంటే కుదించుకుంటుంది, బస్తా అడుగున ఒకలా పైన ఒకలా ఉంటుంది. గింజకు సరిపోయిన పాత్ర పిండికి సరిపోదు.

వాళ్లు పిండితో చేసినవాటిలోనూ కొలతకు చివరి మాట దక్కనివ్వలేదు. అరిసెల పాకం చూడండి. బెల్లం పాకాన్ని నీళ్లలో చుక్క వేసి, ఉండ కడుతోందో లేదో వేళ్ల మధ్య చూసి, తడిపిండిని పాకం పట్టినంత పోస్తూ కలుపుతారు. పట్టినంత! ఎన్ని సోలల పిండి అని ముందే తీర్మానించుకుని గుమ్మరించరు. చపాతీ పిండికి నీళ్లూ అంతే, జంతికల పిండికి వెన్నా అంతే. ఇడ్లీకి గ్లాసు పప్పుకు రెండు గ్లాసుల రవ్వ అన్నా, రుబ్బేటప్పుడు నీళ్లు చూసుకుంటారు, మొదటి వాయి దించాక గట్టిగా ఉంటే మిగిలిన పిండిలో కాసిని నీళ్లు పోస్తారు. పులుసులో ఉప్పు తగ్గితే వేస్తారు, ఎక్కువైతే సర్దుతారు. దారి పొడుగునా దిద్దుకునే వీలున్న వంట అది. కేకులో ఆ వీలు లేదు. ఓవెన్ తలుపు వేశాక 180 డిగ్రీల దగ్గర ముప్పై అయిదు నిమిషాలు కూర్చుని చూడటమే. పైగా మీ పేజీ చూసి కేకు చేసేది ఎవరు? చెయ్యి తిరిగినవాళ్లకు మీ పేజీతో పనిలేదు. పిండి చూసి చెప్పే చూపు ఇంకా రానివాళ్లే మీ పాఠకులు. ఆ చూపు వచ్చేదాకా వాళ్లకు ఆసరా అంకె ఒక్కటే. దాన్ని కూడా తీసేస్తారా?

గ్రాములు మన జనానికి కొత్తవని ఎవరన్నారు? 1956లో ఈ దేశం తూనికలు, కొలతల చట్టం చేసుకుంది. 1958లో మెట్రిక్ తూకాలు బజారుకు వచ్చాయి. 1960ల మొదట్లోనే వీశె, సేరు వ్యాపారంలోంచి చట్టప్రకారం తప్పుకున్నాయి. ఇవాళ రేషన్ బియ్యం కిలోల్లో ఇస్తారు, పచ్చిమిర్చి వంద గ్రాములు అడుగుతాం, బంగారం షాపులో మిల్లీగ్రాముల దాకా వేలు పెట్టి చూపిస్తాం. మైదా పాకెట్టు మీద నికర బరువు ముద్రించకుండా అమ్మడం నేరం. అదే మైదాతో ఏం చేయాలో చెప్పే మీకు మాత్రం బరువు అక్కర్లేదా? ఇంకొక మాట. మన ఊళ్లలో కేకును అరకిలో, కిలో అని ఆర్డరిస్తాం. కిలో కేకు అమ్మి బతకాలనుకునే అమ్మాయికి మీరు కప్పుల రెసిపీ ఇస్తున్నారు.

ఆ అమ్మాయి సంగతి మీరు కొంచెం ఆగి ఆలోచించాలి. ఇంటి నుంచి కేకుల ఆర్డర్లు తీసుకుని సంసారానికి ఆసరా అవుతున్న ఆడవాళ్లు ఇప్పుడు ప్రతి పట్టణంలో ఉన్నారు. వాళ్లలో చాలామంది హోటల్ మేనేజ్‌మెంట్ చదవలేదు, మీ పేజీలే చదివారు. పుట్టినరోజు కేకు పోయిన నెల ఎలా వచ్చిందో ఈ నెలా అలాగే రావాలి. ఆర్డరు ఇచ్చినవాళ్లు అడిగేది అదొక్కటే. కిలో ఆర్డరుకు అలవాటు పడ్డాక ఎవరో మూడు కిలోలు అడుగుతారు. గ్రాములయితే మూడుతో గుణిస్తుంది, అయిపోతుంది. కప్పులయితే రెండు కప్పుల రెసిపీకి ఆరు కప్పులు పోయాలి, నాలుగోదో అయిదోదో మధ్యలో మరిచిపోవచ్చు, ఆరుసార్లూ చెయ్యి ఒకేలా పడదు. ఖర్చు లెక్కా అంతే. మైదా కిలో ధర, వెన్న కిలో ధర ఆమెకు తెలుసు. కప్పు ధర ఎవరికి తెలుసు? హైదరాబాద్‌లో ఉస్మానియా బిస్కెట్లు చేసే బేకరీలో అడగండి, మైదా లెక్క కిలోల్లో, బస్తాల్లో చెబుతారు. బేకరీ మాస్టర్లు రెసిపీని మైదా వందగా పెట్టుకుని చెప్పుకుంటారు. బ్రెడ్డుకు మైదా వందయితే నీళ్లు అరవై నుంచి అరవై అయిదు, ఉప్పు రెండు. అరకిలోకైనా యాభై కిలోల బస్తాకైనా ఆ లెక్క మారదు. వృత్తిలో ఉన్నవాళ్లకు అందుబాటులో ఉన్న ఈ సులువును ఇంట్లో ఉన్న మనిషికి మీరెందుకు అడ్డుకుంటున్నారు?

కప్పు కొలతకు కూడా ఒక క్రమశిక్షణ ఉండేది. 1896లో బోస్టన్ వంట పాఠశాల ప్రిన్సిపల్ ఫ్యానీ ఫార్మర్ తన పుస్తకంలో కప్పయినా చెంచా అయినా అంచుకు సమంగా గీసి కొలవాలని పట్టుబట్టింది. ఆ పట్టుదల వల్లే అక్కడ కప్పు నిలబడింది. మనం ఆ కప్పును తెచ్చుకున్నాం, ఆ గీత తెచ్చుకోలేదు. మీ పేజీల్లో "కప్పు నిండా", "కప్పున్నర", "పెద్ద కప్పు" అని కనబడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

గ్రాములు వేయండి అంటే, ఫోన్‌లో దొరికిన ఒక పట్టిక పెట్టుకుని ప్రతి కప్పునూ 125తో గుణించి అచ్చు వేయడం కాదు. దానికంటే కప్పే నయం. ఒక్కో సరుకు ఒక్కోలా తూగుతుంది. అమెరికా కప్పులో వెన్న 227 గ్రాములు, పంచదార 200, తేనె 340 దాకా, కోకో పొడి 85, బాదం పొడి 96. వీటన్నిటినీ ఒకే అంకెతో గుణిస్తే ఏం మిగులుతుంది? మైదాకు కూడా మూల రెసిపీ ఎవరిదో చూడాలి. టెస్ట్ కిచెన్ వాళ్ల రెసిపీని 120తో గుణిస్తే రెండు కప్పులకు నలభై గ్రాముల పైగా పిండి మాయమవుతుంది. రెసిపీ ఎవరిదైతే కప్పు బరువూ వాళ్లదే వాడాలి. "జల్లించిన మైదా కప్పు", "కప్పు మైదా జల్లించుకుని" అనే రెండిటిలో ఏది ముందు జరిగిందో కూడా అడగాలి. జల్లించి కొలిస్తే తక్కువ తూగుతుంది. ఇవన్నీ తప్పాలంటే ఒకటే దారి. రెసిపీ పంపినావిడ తన కప్పుతో తాను ఎప్పుడూ పోసేటట్టు పోసి, కాటా మీద పెట్టి, ఆ అంకె రాయాలి. లేదంటే వండే ముందు డబ్బా తూచి, వండాక తూచి, తేడా రాయాలి. పది నిమిషాల పని. అడగాల్సింది మీరు.

చిరుధాన్యాల విషయంలో మీ బాధ్యత ఇంకా పెద్దది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పటి నుంచి రాగి కేకు, జొన్న బిస్కెట్ లేని వంటల పేజీ లేదు. సంతోషమే. కానీ "మైదా బదులు అన్నే కప్పుల రాగిపిండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. రాగిలో గ్లూటెన్ లేదు, కప్పులో దాని బరువు మైదా బరువు కాదు, మర పట్టిన తీరును బట్టి అది కూడా మారుతుంది. చక్కీ గోధుమపిండి అయితే మైదా కంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది. ఆరోగ్యం కోసం మొదటిసారి రాగి కేకు చేసి, అది ఇటుకలా వస్తే, ఆ ఇంట్లో రాగులకు రెండో అవకాశం ఉంటుందా?

కాటా ఖరీదు సంగతికి వస్తాను. ఒక గ్రాము దాకా చూపించే ఎలక్ట్రానిక్ కిచెన్ కాటా కొన్ని వందల రూపాయలకు దొరుకుతోంది. మీ ఒక్క రెసిపీలో చెప్పే వెన్న, చాక్లెట్, జీడిపప్పు ఖర్చు దానికి దగ్గర దగ్గర ఉంటుంది. గిన్నె పెట్టి సున్నా నొక్కితే మైదా, మళ్లీ సున్నా నొక్కితే పంచదార. కడగాల్సిన కప్పులు కూడా తగ్గుతాయి. ఇది ఒక్కసారి మీ పేజీలో బొమ్మలతో చూపిస్తే ఎంతమందికి మేలు జరుగుతుంది! చెంచాలను మాత్రం నేను వద్దనను. బేకింగ్ పౌడర్ టీస్పూను నాలుగు గ్రాముల దగ్గర ఉంటుంది, ఇంటి కాటా ఒక గ్రాము అటూ ఇటూ చూపిస్తే నాలుగో వంతు తప్పినట్టే. సోడా, ఉప్పు, ఎసెన్స్‌లకు గీసిన చెంచాయే నమ్మకం. తూకంతో అన్నీ తీరిపోతాయని కూడా నేను చెప్పడం లేదు. వానాకాలం విశాఖలో మైదా పట్టే చెమ్మ వేరు, ఎండాకాలం కర్నూలులో వేరు, బ్రాండును బట్టి నీళ్లు తాగడంలో తేడా ఉంటుంది. అవి ఒకటి రెండు చెంచాల పాలతో సర్దుకునే తేడాలు. కప్పు తెచ్చే తేడా అలా సర్దుకోదు.

కాబట్టి మిమ్మల్ని అడిగేవి ఇవి. బేకింగ్ రెసిపీల్లో గ్రాములు ముందు వేయండి. కప్పు కావలసినవాళ్ల కోసం పక్కన కప్పూ వేయండి, అది ఎన్ని మిల్లీలీటర్లదో, పిండి చెంచాతో నింపాలో ముంచి తీయాలో పేజీ అడుగున ఒక వాక్యంలో చెప్పండి. గ్రాములు తీసేయమని రచయితలకు ఇచ్చిన ఆదేశాన్ని వెనక్కి తీసుకోండి. వంటల పుస్తకాలు మళ్లీ ముద్రించేటప్పుడు బేకింగ్ అధ్యాయాన్ని ఒకసారి కాటా మీద పెట్టి చూడండి. పాత అంకె తప్పని తేలితే కొత్త ముద్రణలో ఆ సంగతి రాయండి.

డిసెంబరు సంచికకు ప్లమ్ కేకు రెసిపీలు మీ బల్ల మీదికి రావడం ఎప్పుడో మొదలై ఉంటుంది. ఏడాదికి ఒక్కసారి చేసే కేకు అది. వారాల ముందు నుంచి ఎండు ద్రాక్ష, చెర్రీ, జీడిపప్పు నానబెట్టుకుంటారు. అది పాడయితే మళ్లీ చేసే స్తోమత చాలా ఇళ్లలో ఉండదు. ఆ రెసిపీ పంపినావిడకు ఫోన్ చేసి, మైదా ఎన్ని గ్రాములమ్మా అని అడగండి. ఆమె తూచి చెప్పేదాకా పేజీని ప్రెస్సుకు పంపకండి.

ఇట్లు,
మీ వంటల పేజీలు చదివే ఒక బేకింగ్ టీచరు